పెరటి వాలు

కాలి కట్టుతో భర్త వరండా మెట్టు మీద కూర్చున్నాడు. పెరట్లో భార్య కొత్త చిన్న ట్రాక్టరుతో గడ్డి కోస్తూ వాలు దాకా వెళ్లింది.

“ఆపు! చదునులోనే కొయ్యమన్నాను కదా! అక్కడ పైవైపు చక్రం లేస్తుంది.”

“మీకెలా తెలుసు?”

“తెలుసులే.”

“ఏవండీ, మెట్ల మీద జారి కాలు విరిగిందన్నారే! ఇక్కడ పడ్డారా?”

“చెబితే బండి వెనక్కి పంపించేస్తావని...”

“అయ్యో, నిజంగానే లేస్తోందండీ!”

“కంగారుపడకు. బ్రేకు నొక్కి, ఇంజను ఆపి, పైవైపుకి దిగెయ్.”

“దిగితే బండి కిందికి పోతుందేమో. ఎంత ముచ్చటపడి కొనుక్కున్నారు!”

“పోతే పోనీ. దూకమంటుంటే!”

ఆమె దూకింది. ట్రాక్టరు జారి కంచె మీదికి ఒరిగింది. అతను అటు చూడనే లేదు. కట్టు కాలిని ఈడ్చుకుంటూ వస్తున్నాడు.

“దెబ్బ తగిలిందా?”

“లేదు. మీరు అక్కడే ఉండండి, నేనే వస్తున్నా.”