అరవయ్యో పేరు

ఒహాయోలో ఒక చిన్న ఊరు. 1987 సెప్టెంబరు, పొద్దున్న ఎనిమిది గంటలు. వెర్నా మంచం మీద బ్యాగు సర్దుతోంది. ఆమె భర్త ఆర్విల్ కిటికీ దగ్గర కూర్చుని, ఆమె తయారుచేసిన పట్టికలు తిరగేస్తున్నాడు.

"రెండు చొక్కాలు చాలు వెర్నా. ఒక్క రాత్రికి వెళ్తున్నాను."

"ఒక్క రాత్రికని వెళ్ళినవాళ్ళను చాలామందిని చూశాను. మూడు పెడుతున్నాను. ఊలు బనీను కూడా."

"సెప్టెంబరులో ఊలు బనీనేంటి?"

"పోర్ట్ ఆల్డన్‌లో సరస్సు గాలి ఉంటుంది. విందులో కూర్చుని నువ్వు దగ్గుతూ ఉంటే ఊరూరా తిరిగి కుర్రాళ్ళను వెతికి తెచ్చిన పాత స్కౌట్లందరూ నిన్ను చూసి జాలిపడతారు. ఇప్పటికే జాలిపడడానికి వాళ్ళకు బోలెడు కారణాలున్నాయి."

"ఏం కారణాలు?"

"నీ చేతిలోనే ఉన్నాయిగా. చదువుకో."

"ఇది పట్టికలా లేదు. ఛార్జిషీటులా ఉంది."

"ముప్పయ్యేళ్ళ చరిత్ర అది. లాంప్‌లైటర్స్ బేస్‌బాల్ జట్టు 1931 నుంచి 1960 దాకా సంతకం పెట్టించుకున్న కుర్రాళ్ళు. పదకొండు వందల నలభై ఒక్క మంది. ఎవరు తెచ్చారు, ఏ ఊరి చిన్న జట్టుకు పంపారు, అక్కడ ఎవరు నేర్పారు, పెద్ద జట్టు దాకా ఎంతమంది వచ్చారు, వచ్చి ఏం వెలగబెట్టారు. అన్నీ ఉన్నాయి."

"ఇంత పని నిన్నెవరు చెయ్యమన్నారు?"

"మీ జట్టువాళ్ళే. పాత మైదానం పడగొట్టేముందు విందు చేస్తున్నారు కదా, వచ్చినవాళ్ళందరికీ పంచుతామన్నారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు గుచ్చిన మనిషికి బేస్‌బాల్ లెక్కలేం వస్తాయని మొదట నవ్వారు. నాలుగు పేజీలు పంపాక నవ్వడం మానేశారు. ఇదిగో, ఇది అసలు ప్రతి. జాగ్రత్తగా పట్టుకెళ్ళి ఇవ్వు. సాయంత్రానికి నకళ్ళు తీసుకుంటారు. కాఫీ ఒలకబోయకు దాని మీద."

"ఒలకబోస్తే నాకే మంచిదేమో. ఈ 'అదనపు గెలుపులు' ఏమిటి?"

"ఓహో, అక్కడిదాకా వచ్చావా! ఒక ఆటగాడి చోట ఎవడో దారినపోయేవాణ్ణి నిలబెట్టారనుకో. వాడితో వచ్చే గెలుపుల కంటే ఈ ఆటగాడితో ఎన్ని ఎక్కువ వచ్చాయి, అదీ లెక్క."

"మరి నా చెస్టర్ ప్రూయిట్ పక్కన మైనస్ మూడు అని ఉందే?"

"దారినపోయేవాడే నయమన్నమాట."

"చెస్టర్ నాలుగేళ్ళు ఆడాడు పెద్ద జట్టులో!"

"అందుకే మైనస్ మూడు. ఒక్క ఏడాదితో మానేసుంటే మైనస్ ఒకటితో పోయేది."

"నేను తెచ్చినవాళ్ళలో పెద్ద జట్టుకు వచ్చింది వాడొక్కడేనా?"

"ఆర్నీ గ్లాక్‌ను మర్చిపోయావా? పాపం, పదకొండు రోజులున్నాడు. పదకొండు రోజులూ బెంచీ మీదే కూర్చున్నాడు. నువ్వు తెచ్చినవాళ్ళలో జట్టుకు ఏ నష్టమూ చెయ్యనివాడు వాడే."

"వెటకారం తగ్గించు."

"తగ్గించే రాశాను. నీ పాత చీటీలు కూడా చదివాను మరి. కుర్రాణ్ణి చూసొచ్చి ప్రతిసారీ చీటీ రాసేవాడివి కదా. యాభై తొమ్మిది చీటీల్లో నలభై నాలుగింటి మీద మొదటి మాట ఏమిటో చెప్పనా?"

"చెప్పకు."

"'మంచి మొహం'."

"ఆ రోజుల్లో అందరం అలాగే రాసేవాళ్ళం! దవడ గట్టిగా ఉండాలి, చూపు నిలకడగా ఉండాలి. మనిషేమిటో మొహంలో తెలిసిపోతుంది."

"బంతి విసిరేవాణ్ణి చూసి రమ్మంటే పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చారు అందరూ. అదీ లెక్కగట్టాను. మీరు మంచి మొహమని రాసినవాళ్ళలో నూటికి ముగ్గురు పెద్ద జట్టుకు చేరారు. ఏ మొహమూ రాయనివాళ్ళలో నూటికి ఏడుగురు."

"నాతో పనిచేసిన స్కౌటు నోలన్ ఏం రాసేవాడు?"

"'చెడ్డ బంతి జోలికి పోడు. మంచి బంతి వచ్చేదాకా ఆగుతాడు.' అంతే. మొహం ఊసే లేదు. ఒక్కో కుర్రాణ్ణి ఆరు ఆటలు చూస్తే గాని రాసేవాడు కాదు. నువ్వేమో ఒక ఆట చూసి, ఆ ఇంట్లో భోజనం చేసి, కాగితం తీసేవాడివి."

"సరే, తప్పంతా స్కౌట్లదేనా? మేము బంగారం తెచ్చి ఇచ్చినా, బెల్ ఫోర్క్ జట్టులో ఆ నేర్పేవాడు..."

"వాడికీ ఒక పేజీ ఇచ్చాను, బెంగపెట్టుకోకు. బంతి విసిరే పిచ్చర్లను ముప్పై ఒక్క మందిని పంపితే పందొమ్మిది మంది చేతులు పాడుచేశాడు. వరసగా రెండేసి రోజులు విసిరించేవాడు. కసాయివాడైనా చూసి కోస్తాడు."

"అదీ! చూశావా? ఇప్పుడన్నావు న్యాయం!"

"ఆగాగు. నోలన్ తెచ్చిన పిచ్చర్లూ ఆ కసాయి దగ్గరికే వెళ్ళారు. వాళ్ళలో తొమ్మిది మంది చేతులు దక్కించుకుని బయటపడ్డారు. నీవాళ్ళలో ఒక్కడూ లేడు. జేబురుమాళ్ళు ఎన్ని పెట్టమంటావు?"

"రెండు. ఇంతకీ నేనెక్కడ?"

"కిటికీ దగ్గర."

"పట్టికలో! స్కౌట్ల వరుస ఉంది, మొదట నోలన్, చివర డాబ్స్. పదకొండు పేర్లు. నా పేరు లేదు."

"లేదు."

"ఎందుకు లేదు?"

"అరవై మందికి తక్కువ తెచ్చినవాళ్ళను వరుసలో పెట్టలేదు. పదిమందిని తెచ్చినవాడికి ఒక్కడు గాలివాటంగా పైకొస్తే వాడే గొప్పవాడైపోతాడు. అందుకని అరవై గీత పెట్టాను. నీకు యాభై తొమ్మిది. ఒక్కడి తేడాలో బతికిపోయావు, దేవుడికి దణ్ణం పెట్టుకో."

"రేపు మధ్యాహ్నం విందులో ఆ వరుసలో పేర్లు చదువుతారు వెర్నా. పేరు చదివినవాళ్ళు లేచి నిలబడాలి. ఉత్తరంలో రాశారు."

"అవును. చివరివాణ్ణి కూడా నిలబెడతారు. డాబ్స్ కుర్రాళ్ళందరూ కలిసి రెండు గెలుపులు ఎక్కువ తెచ్చారు, నీవాళ్ళు మూడు తక్కువ తెచ్చారు. నీకు అరవై ఉండుంటే డాబ్స్ కింద పన్నెండోవాడివి. మూడువందల మంది ముందు అట్టడుగున నిలబడాలని సరదాగా ఉందా?"

"ఉంది."

"ఏమయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పద్దెనిమిదేళ్ళు తిరిగాను. కారులో పడుకున్నాను. వానలో తడిసి ఆటలు చూశాను. రేపు అందరూ లేచి నేనొక్కణ్ణీ కూర్చుని ఉంటే, నేనసలు అక్కడ పనిచెయ్యనట్టే. చివరైనా ఫరవాలేదు. నిలబడాలి."

"నియమం నియమమే. యాభై తొమ్మిది."

"అరవై."

"యాభై తొమ్మిది. మూడుసార్లు లెక్కపెట్టాను."

"నేను తెచ్చినవాళ్ళెంతమందో నాకు తెలియదా? వాల్డో రిగ్స్ ఉన్నాడా?"

"ఉన్నాడు. రెండు వారాలు ఆడి, కోచ్ కూతుర్ని లేవదీసుకుపోయాడు."

"మెక్‌కాస్కీ కవలలు? ఇద్దరినీ వేశావా, ఒక్కణ్ణేనా?"

"ఇద్దరినీ వేశాను. ఇద్దరికీ కలిపి నాలుగు కళ్ళు, ఒక్క కంటికీ బంతి ఆనలేదు."

"ఆ చీలమండ విరగ్గొట్టుకున్నవాడు? బేకరీవాళ్ళబ్బాయి?"

"ఉన్నాడు. రైలు దిగుతూ విరగ్గొట్టుకున్నాడు. మైదానం మొహమే చూడలేదు. అయినా ఉన్నాడు."

"మరి లైల్ క్రెమర్?"

"సాక్సులు నాలుగు జతలు పెట్టాను."

"వెర్నా."

"నల్లవి రెండు, బూడిదరంగువి రెండు. రక్తపోటు బిళ్ళలు పక్క అరలో. పొద్దున్నే ఒకటి, తిన్నాక. తినకముందు కాదు. చేరగానే ఫోన్ చెయ్యి."

"లైల్ లేడు ఇందులో."

"వాడు ఒక్క ఆట కూడా ఆడలేదు."

"బేకరీవాళ్ళబ్బాయి ఆడాడా? ఆడనివాళ్ళ కోసం ఒక గడే చేశావు. 'వచ్చి చేరలేదు' అని. ఇరవై మంది ఉన్నారు అందులో."

"లైల్ సైన్యానికి వెళ్ళాడు. సైన్యానికి వెళ్ళినవాళ్ళను లెక్కలోంచి తీసేశాను."

"డాబ్స్ పేజీ తీశాను. ఒకడు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. నలుగురూ సైన్యానికే వెళ్ళారు. నలుగురినీ లెక్కపెట్టావు. నోలన్‌కు ఆరుగురు. వాళ్ళనూ లెక్కపెట్టావు."

"బస్సు తొమ్మిదింటికి. బూట్లు తొడుక్కో."

"ఇంతమందిలో ఒక్కణ్ణి వదిలేశావు. దారినపోయేవాణ్ణి కూడా వదలని మనిషివి."

"చెయ్యి జారి ఉంటుంది."

"నీ చెయ్యి జారదు. మొన్న పాలవాడి చీటీలో కూడిక తప్పని వాణ్ణి వీధి చివరి నుంచి వెనక్కి పిలిచావు."

"సరే, జారలేదు! వదిలేశాను. వాణ్ణి ఆ గడిలో పెట్టను. 'వచ్చి చేరలేదు' అట! బద్ధకించి పడుకున్నట్టు! వాడికి రైలు టికెట్టు కూడా వచ్చింది. ఎందుకు చేరలేదో రాయడానికి ఆ గడిలో చోటేదీ?"

"ఎందుకు చేరలేదో నేను చెబుతాను."

"నాకు తెలుసు."

"తెలిసినా విను. ముప్పై ఆరేళ్ళుగా మనిద్దరం దాని చుట్టూ తిరుగుతున్నాం. యుద్ధం కోసం కుర్రాళ్ళను నిర్బంధంగా లాక్కెళ్తున్నా, పొలంలో పనిచేసినంతకాలం సైన్యం వాణ్ణి తీసుకునేది కాదు. పొలం పనివాళ్ళకు మినహాయింపు. నేనే వెళ్ళి చెప్పాను. చలికాలం పొలంలో ఏముంటుంది, పట్నంలో గోదాము పనికి చేరు, సాయంత్రాలు జిమ్‌లో చెయ్యి సాధన చేసుకోవచ్చు అని. చేరాడు. ఫిబ్రవరిలో మినహాయింపు తీసేశారు. జట్టు సాధన శిబిరానికి బయలుదేరాల్సిన వారంలో సైన్యం కాగితం వచ్చింది."

"అప్పుడు నీకు తెలియదుగా."

"తెలుసుకోవాల్సిన పని నాది. వాడి వేగం ఎంతో తెలుసుకున్నాను, బరువు ఎంతో తెలుసుకున్నాను. పొలం దాటిస్తే ఏమవుతుందో అడగలేదు. నాకు ఆ ఎడమ చెయ్యే కనిపించింది."

"మొహం కూడా కనిపించింది నీకు. చీటీలో మొదటి మాట అదే."

"నిజంగానే మంచి మొహం వెర్నా."

"అవును. నలభై నాలుగింటిలోకీ అదొక్కటీ సరిగ్గా రాశావు... అంటే, నలభై ఐదు."

"వాళ్ళమ్మ సంతకం పెట్టనంది. ఆపిల్ పై పెట్టింది, కాఫీ పోసింది. కలం మాత్రం ముట్టుకోలేదు."

"ఆవిడ నీకంటే మంచి స్కౌటు."

"వాళ్ళక్క ఒప్పించింది."

"ఆ అక్క సంగతి ఎత్తకు."

"ఇరవై మూడేళ్ళ పిల్ల. తప్పేముంది, ఏదో..."

"ఎత్తవద్దన్నానా! ఆ అక్క ఏమందో నీకు తెలియదు. నువ్వు వరండాలో నిలబడి టోపీ తిప్పుకుంటున్నావు. 'వాడు జన్మంతా ఆవుల వెనకాల నడవాలా? వెళ్ళనీ. ఆటలయ్యాక సెప్టెంబరుకు ఇంటికొచ్చేస్తాడు' అంది. సెప్టెంబరు అని గడువు కూడా ఆమే పెట్టింది. ఎవరడిగారు ఆమెను?"

"ఆ ఒప్పందం కాగితం తెచ్చానని నీకు నా మీద కోపమనుకున్నాను ఇన్నేళ్ళూ."

"కోపమే. నీ మీద కోప్పడడం తేలిక. పక్కనే ఉంటావు, తిరిగి అరవవు."

"వాణ్ణి రాయి. నీ లెక్కలో తప్పు అదొక్కటే. నన్ను డాబ్స్ కింద నిలబెట్టు. వాణ్ణి వదిలేసి నేను రేపు అక్కడ హాయిగా కూర్చోలేను."

"నవ్వుతారయ్యా. అరవై మంది, మైనస్ మూడు గెలుపులు. విందు అయ్యేదాకా నవ్వుతారు."

"నవ్వనీ. ఆ అరవయ్యోవాడు ఎవరని ఒక్కడైనా అడుగుతాడు. చెబుతాను."

"నువ్వు చెప్పలేవు. ఇటివ్వు ఆ కాగితం. పెన్సిలు కాదు, కలం."

"గడిలో పడుతుందా?"

"పడదు. అంచున రాస్తాను."

"రాస్తూ పైకి చదువు."

"లైల్ క్రెమర్. ఎడమచేతి పిచ్చర్. తెచ్చినది ఆర్విల్ స్టర్జిస్. సంతకం 1950 నవంబరు పద్దెనిమిది. ఆటలు సున్నా. నా తమ్ముడు, మా అమ్మను ఒప్పించింది నేను. 1951 అక్టోబరు పదకొండున కొరియాలో ఒక కొండ ఎక్కాడు, తిరిగి రాలేదు."