నల్లగుడ్డ మీద పాలిపోయిన మచ్చ

(అద్దకం కొట్టు వెనక గది. నానమ్మ, ఆమె దగ్గరే పని నేర్చుకుంటున్న మనవరాలు.)

“తలుపు వేసెయ్ నానమ్మా. ఎవరైనా వింటారు.”

“వేశాను. ఇప్పుడైనా చెప్పు. నాలుగు రోజులుగా ముద్ద దిగడం లేదు నీకు.”

“ఇది చూడు.”

“నీ డ్రాయరు. ఉతికిందేగా. ఏమైంది దీనికి?”

“మధ్యలో చూడు, నల్లరంగు ఎలా పాలిపోయిందో. రంగు అలా పోవాలంటే యాసిడ్ పడాలి. నువ్వు నేర్పిందే. నా ఒంట్లోంచి యాసిడ్ కారుతోంది నానమ్మా. లోపలంతా కాలిపోతోందేమో.”

“ఓసి పిచ్చిమొహమా.”

“నవ్వకు. నాకు చచ్చేంత భయంగా ఉంది.”

“నవ్వడం లేదమ్మా. అక్కడి తడిలో కాస్త పులుపు ఉంటుంది. చెడు చేరకుండా కాపలా అది. మీ అమ్మవీ ఇంతే, మీ అత్తవీ ఇంతే. ఎంతమంది ఆడవాళ్ల బట్టలు ఉతికాను, ఆ మచ్చ నాకు కొత్తా?”

“మరి ఒకోసారి తీగలా సాగుతుంది. ఒకోసారి చిక్కగా, తెల్లగా…”

“నెల మధ్యలో గుడ్డుసొనలా సాగుతుంది, తర్వాత చిక్కబడుతుంది. కొంచెం వాసనా ఉంటుంది. అదంతా మామూలే. మంటా దురదా ఏమైనా ఉన్నాయా?”

“మంట ఉంది.”

“ఎప్పట్నుంచి?”

“సోడా నీళ్లతో కడుగుతున్నప్పట్నుంచి.”

“ఏ సోడా?”

“మన తొట్లో కలిపేదే. యాసిడ్‌ని విరిచేది అదేగా.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వేమైనా గుడ్డవా? మానెయ్యి. లోపల సబ్బు కూడా తగలకూడదు, పైపైన మామూలు నీళ్లు చాలు. ఆ మంట సంగతి రేపు డాక్టరమ్మకి చూపిద్దాం.”

“ఇంకా వేటికి భయపడాలి?”

“విరిగిన పాలలా ముద్దలు పడి దురద పెడితే. పచ్చగా మారితే, కుళ్లు వాసన వస్తే. అప్పుడు దాచుకోకూడదు.”

“ముట్లు ఎప్పుడో ఆగిపోయినవాళ్లకి మళ్లీ రక్తం కనిపిస్తే?”

“నీ వయసుకి ఆ సంగతెందుకే.”

“చెప్పు నానమ్మా.”

“…అది మామూలు కాదు. వెంటనే చూపించుకోవాలి. సరే పద, పొయ్యి మీద నీళ్లు మరిగిపోతున్నాయి.”

“మొన్న నీ లంగా ఉతికాను.”

“అదా, ఎర్రరంగు అంటింది. అద్దకం పని చేసేవాళ్లకి అంటదా మరి?”

“ఈ నెలంతా మనం నీలం తప్ప ఇంకో రంగు కలపలేదు నానమ్మా.”