మారెమ్మ చెప్పిన వానలు

అధ్యక్షస్థానంలో కూర్చున్న పెద్దలు, మన సాలెల వీధికి అక్షరం రుచి చూపించిన సీతారాములు గారికి, కచేరి పనులు పక్కనపెట్టి ఈ చిన్న సన్మాన సభకు విచ్చేసిన తహసీల్దారు సాహెబు వారికి, చెలకల్లో దుక్కులు వదిలి వచ్చిన రైతులకు, మగ్గాలు ఆపి వచ్చిన మా వాళ్లకు, గోడవతల నిలబడి వింటున్న అక్కలకు, అవ్వలకు, రఘుపతి నమస్కారాలు.

నన్ను గురించి ఇంతవరకు మాట్లాడిన పెద్దలందరూ వానపంతులు అన్నారు, ఆకాశం చదివినవాడు అన్నారు. నేను నిజానికి చదివింది ఉర్దూ ఏడో జమాత్. సాలెవాడి కొడుకును. ముప్పై ఏళ్ల కిందట కచేరి ఆవరణలో ఒక రాగి గరాటు, దాని కింద ఒక సీసా పాతి, రోజూ పొద్దున ఎనిమిది గంటలకు ఆ సీసాలో ఎంత నీరుందో కొలిచి రాసి హైదరాబాదుకు పంపించు అని నాకు నౌకరీ ఇచ్చారు. పడిన వానను కొలవడమే నా పని. పడబోయే వానను చెప్పమని సర్కారు నన్ను ఎన్నడూ అడగలేదు. అడిగింది మీరు.

మా వీధిలో పడుగు పరిచి గంజి పెట్టాలంటే ఎండ కావాలి, చినుకు పడితే వారం కష్టం మట్టిపాలు. అందుకని పొద్దున్నే నా ముఖం చూసి పడుగు తీసేవారు. ఒక వేసవిలో మా ఇంటావిడ రాజమణి, ఎండ మండిపోతోంది గొడుగు పట్టుకుపోండి అని చేతికిచ్చింది. నేను గొడుగుతో వీధి దాటేసరికి ఈ చివర నుంచి ఆ చివరకు పడుగులన్నీ చుట్టేశారు. సాయంత్రం వరకు ఒక్క మబ్బు లేదు. గండయ్య మామ వచ్చి, "అల్లుడా, ఎండకు గొడుగు పట్టేటప్పుడు జర చాటింపు ఎయ్యి" అన్నాడు. (నవ్వులు)

నవ్వండి. ఇంకాసేపటికి మీకు నవ్వాలనిపించదు.

కార్తెల గురించి చెప్పమని సీతారాములు గారు అడిగారు. చెప్తాను. కచేరి రిజిస్టరులో అమర్దాద్ నెల అని రాసేవాణ్ణి, మన నోట అది మృగశిర కార్తె. నేను చేరిన తొలి పదేళ్లలో మృగశిర వచ్చిన వారంలోగా సీసాలో నీళ్లుండేవి. తర్వాతి పదేళ్లలో నాలుగుసార్లు సీసా పొడిగా ఉంది. ఈ పదేళ్లలో అయితే ఆరుద్ర వచ్చినా నమ్మకం లేదు, పడితే ఒక్క పూటలో కుండపోత, తర్వాత నెల రోజులు గాలి. కలికాలమని కొందరు, మనుషుల పాపమని కొందరు అంటారు. కాలం ఎందుకు మారుతోందో చెప్పేంత చదువు నాకు లేదు. పాపం మాట వచ్చింది గనుక, నాకు తెలిసిన పాపం ఒకటి చెప్తాను.

మీలో ఇరవై దాటిన వారందరికీ మారెమ్మ గుర్తుండాలి. కచేరి ఊడ్చే మారెమ్మ. మొగుడు పోయి, ఒక్క ఆడపిల్ల జంగమ్మతో ఊరవతల గుడిసెలో ఉండేది. గరాటు చుట్టూ గడ్డి పెరగకూడదని సర్కారు హుకుం, ఆ గడ్డి పీకడానికి తెల్లవారుతూనే వచ్చేది. నేను సీసా తీసి కొలుస్తుంటే, ఆమె తలెత్తకుండా తన పని చేసుకుంటూ, నిన్నటి నుంచి తాను చూసినవి చెప్పేది.

"పంతులూ, తీతువు పిట్ట ఈ యేడు మిట్టకెక్కి గుడ్లు పెట్టింది. కుంట నిండుతదని దానికి ఎరిక."

"చీమలు గుడ్లు మోసుకొని గోడెక్కుతున్నయి. రేపు మాపు పడుతది."

నేను ఊఁ అనేవాణ్ణి. తొమ్మిదింటికి రైతులు కచేరి అరుగు దగ్గరికి వచ్చేవారు. నేను కళ్లద్దాలు సర్దుకుని, ఆకాశం వంక కాసేపు చూసి, మారెమ్మ చెప్పిందే చెప్పేవాణ్ణి. పిట్ట పేరు, చీమ పేరు తీసేసి, తూర్పు గాలి, తేమ, అంగుళాలు అనే మాటలు తొడిగేవాణ్ణి. వాన పడేది. మీరు దండం పెట్టేవారు. ఆమె ఆ వాకిలే ఊడుస్తూ, నాకు పెట్టిన దండాల పక్కనుంచే చీపురుతో పోయేది. పద్నాలుగేళ్లు ఇలా జరిగింది. ఒక్కనాడూ నేను ఆమె పేరు ఎత్తలేదు.

అయినా ఊరికి ఎలాగో తెలిసింది. ఒక పెళ్లిపందిట్లో భోజనాల దగ్గర ఎవరో అన్నారు, "మన పంతులుకు వాన జెప్పేది ఊడ్చే మారెమ్మనట గదా!" పంక్తి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చి మూడు రోజులు ఆ నవ్వునే నెమరేసుకున్నాను.

ఆ మరుసటి ఏడే ఫసలీ పదమూడు వందల నలభై ఏడు, అంటే ఎనిమిదేళ్ల కిందట. రోహిణి ఆఖరి దినాల్లో ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ఒక అంగుళం నలభై సెంట్లు. తెల్లవారి నేను సీసా పట్టుకొని మురిసిపోతుంటే మారెమ్మ గడ్డి పీకడం ఆపింది.

"గిది మురిపిచ్చి పోయే వాన పంతులూ. తీతువు కుంట నడుమ బురదల గుడ్లు పెట్టింది. ఇత్తునం పెట్టొద్దని జెప్పు. జర ఆరుద్ర దాకా ఆగుమను."

"నీ పని నువ్వు జూసుకో" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. "నాకు తోచింది జెప్పిన" అని మళ్లీ వంగింది.

ఆ పొద్దున అరుగు దగ్గర ఇరవై మంది ఉన్నారు. ముందు నిలబడ్డవాడు కురుమయ్య. అదిగో, మూడో వరసలో తలపాగా తీసి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. "పంతులూ, పెట్టుమంటవా, ఆగుమంటవా? ఇంట్ల ఉన్న ఇత్తునం ఒక్కపారికే ఉన్నది. మల్ల పెట్టనీకి గింజ లేదు" అన్నాడు.

నాకు ఆ క్షణంలో పెళ్లిపందిట్లో నవ్వు వినిపించింది. మారెమ్మ చెప్పకపోయినా నాకు తెలుసునని చూపించుకోవాలనిపించింది. అంతే. అంతకు మించి కారణం లేదు, ఎనిమిదేళ్లుగా వెతికాను, లేదు.

"పెట్టుండ్రి" అన్నాను.

పెట్టారు. జొన్న మొలిచింది, రెండాకులు విప్పింది, మూడో ఆకు విప్పకుండానే ఎర్రబారింది. ఆముదం భూమిలోనే ఉడికిపోయింది. మళ్లీ చినుకు పడేదాకా ముప్పై రోజులు నేను రిజిస్టరులో సున్నాలు రాశాను. కురుమయ్య తల్లి నర్సింగమ్మవ్వ, తన వంతు జొన్న గటక మనవళ్ల ముందుకు తోసి, ఆకలి లేదు బిడ్డా, ఆకలి లేదు బిడ్డా అంటూనే పోయింది.



ఆమె మూడో దినం అయిన మర్నాడు మీరు కచేరికి వచ్చారు. అందరూ వచ్చారు. "గిట్లెందుకైంది పంతులూ?" అని కురుమయ్య అడిగాడు. కోపంగా కూడా అడగలేదు, ఏడుస్తూ అడిగాడు. నేను చెప్పవలసింది ఒక్క మాట. మారెమ్మ వద్దన్నది, నేనే పెట్టమన్నాను. దానికి బదులు ఏమన్నానో నాకు అక్షరం అక్షరం జ్ఞాపకం ఉంది. "మీరే అంటరు గదా, నాకు వాన జెప్పేది మారెమ్మ అని. మరి నన్నడుగుడెందుకు? ఆమెనే అడుగుండ్రి."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు చూడండి. అబద్ధమాడే ధైర్యం కూడా లేనివాడి మాట అది.

గుంపులో ఎవరో, "రోజు పొద్దుగాల గా గిన్నె కాడ ఏదో గొణుగుతుంటది, నేను జూసిన" అన్నారు. ఇంకెవరో బాణామతి అన్నారు. వానను కట్టేసింది అన్నారు. మంత్రం పెట్టినవాళ్ల పళ్లూడగొడితే నోట మంత్రం పలకదని మన ఊళ్లల్లో ఒక నమ్మకం ఉన్నది, మీకు తెలుసు. నేను లోపలికి వెళ్లి కిటికీ రెక్క దగ్గరకు వేసుకున్నాను. పూర్తిగా వేయలేదు. ఆమెను కచేరి వాకిట్లోనే పట్టుకున్నారు, నా కిటికీకి ఇరవై అడుగులు. ఆమె మిమ్మల్ని బతిమాలలేదు. కిటికీ వైపు తిరిగి, "పంతులూ, ఒక్క మాట జెప్పు" అన్నది.

ఒక్కసారే అన్నది. తర్వాత ఆమె నోరు మాట్లాడే స్థితిలో లేదు.

నేను చెప్పలేదు.

(సభలో కలకలం. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లారు.)

వెళ్లేవారిని ఆపకండి. అధ్యక్షులు గారు ఇప్పుడే నాకొక చీటీ పంపారు, ఇది సన్మాన సభ రఘుపతీ, చాలించు అని. అయ్యా, మీ మాట నేనెప్పుడూ జవదాటలేదు. ఈ ఒక్కసారి మన్నించండి, ఇంకా కొంచెమే ఉంది.

మర్నాడు తల్లీ కూతుళ్లు గుడిసె వదిలి వెళ్లిపోయారు. ఆరుద్ర కార్తె చివర, వాళ్లు వెళ్లిన అయిదో రోజున, రెండంగుళాల పది సెంట్ల వాన పడింది. ఆగమని మారెమ్మ చెప్పిన కార్తెలోనే పడింది. మీరేమన్నారు? పీడ పోయింది, వాన వచ్చింది అన్నారు. పంతులే కనిపెట్టిండు అన్నారు. పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చి నన్ను అడగడం మొదలైంది ఆ ఏడు నుంచే. ఇవాళ మీరు ఇంత మంది వచ్చి ఇంత ప్రేమ చూపించారంటే, ఆ పేరు చూసే గదా. ఆ తర్వాత చెప్పిన జోస్యాల్లో సగం తప్పాయి, మీరు ఒప్పైనవే గుర్తుపెట్టుకున్నారు. తప్పైనవి నేను లెక్కపెట్టుకుంటూ వచ్చాను.

నౌకరీ ముగుస్తుందని హుకుం అందిన నెలలో అచ్చంపేట వెళ్లాను. తల్లీ కూతుళ్లు అటే పోయారని చింతపండు అమ్మే వాళ్లు చెప్పారు. అడవి అంచున పది గుడిసెలు. జంగమ్మ గుమ్మంలో నిలబడి, పక్కకు జరగకుండా, "ఎందుకొచ్చినవ్?" అంది. కూర్చోమనలేదు. లోపలి నుంచి మారెమ్మే వచ్చింది. ముసలిదైపోయింది. నన్ను పంతులూ అనే పిలిచింది. పళ్లు లేని నోట మాట పట్టడం లేదు, నేను ప్రతిదీ రెండుసార్లు అడిగి చెప్పించుకోవలసి వచ్చింది. ఆమె విసుక్కోకుండా రెండుసార్లు చెప్పింది. అంతకన్న పెద్ద శిక్ష నాకు ఎవరూ వేయలేరు.

జరిగిందంతా చెప్పాను. నేనే పెట్టమన్నానని, కిటికీ వెనక ఉన్నానని, విన్నానని. తప్పైంది అన్నాను. ఆమె చింతపండు గింజ తీస్తూ విన్నది. చివరకు అన్నది.

"గీ ముచ్చట నాకెందుకు జెప్తవ్ పంతులూ? నాకు ఎరికే గదా. ఎరిక లేనోళ్లకు జెప్పు."

ఊరికి రమ్మని అడిగాను. రానన్నది. జంగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టింది, చేతికివ్వలేదు. తాగి వచ్చాను.

అందుకని చెప్తున్నాను. ఎరిక లేనివారికి. మారెమ్మ వానను కట్టేయలేదు. మారెమ్మ వద్దన్నది. పెట్టమన్నది నేను. ఆమెను మీకు అప్పగించింది నేను.

(మూడో వరసలో కురుమయ్య లేచి నిలబడ్డాడు.)

చెప్పు కురుమయ్యా. అయ్యా, ఆయనను మాట్లాడనివ్వండి.

(కురుమయ్య: "రాయి నా చేతులనే ఉండె పంతులూ. మా అవ్వ సచ్చిన దుఃఖంల నాకు కండ్లు గానరాలే. గిన్నేండ్లు నువ్వెందుకు జెప్పలేదు? నేను మంచిపనే జేసిననుకున్న గదా. గిన్నేండ్లు గట్లనే అనుకుంట బతికిన గదా.")

ఆమె పళ్లు ఒక్కటే అనుకున్నాను నేను పోగొట్టింది. నీ చేతులు కూడా నేనే పాడుచేశానని ఇప్పుడు తెలుస్తోంది. నేను మళ్లీ ఒకసారి అచ్చంపేట పోతాను. వస్తావా?

(కురుమయ్య: "ఏం మొఖం పెట్టుకొని రావాలె?")

నేను ఏ ముఖంతో పోయానో ఆ ముఖంతోనే. వేరేది మనకు లేదు.

(కురుమయ్య తల ఊపి, కూర్చోకుండా గోడకు ఆనుకొని నిలబడ్డాడు.)

తహసీల్దారు సాహెబు వారు ఇప్పటిదాకా ఓపికతో విన్నందుకు షుక్రియా. సీతారాములు గారికి, మీ సభను పాడుచేసినందుకు క్షమాపణ. లేచి వెళ్లినవారికీ, కూర్చున్నవారికీ నా దండాలు. చప్పట్లు మాత్రం వద్దు.

ఒక్క మాట మిగిలింది. ఇందాక నేను లోపలికి వస్తుంటే వాకిట్లో నలుగురు ఆపి అడిగారు, పంతులూ, వారంలో మృగశిర వస్తాంది, ఈ యేడు వాన ఎట్లుంటది అని. ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాను. ఇవాళ మొదటిసారి నిజం చెప్తున్నాను.

నాకు తెలియదు.

సెలవు.