పరదాల మనిషి

హలో… ఆ, చెప్పండి… అవునండీ, సూరత్‌లో ఆల్థాన్ కాలనీయే… ఆ, పద్మారాణినే మాట్లాడుతున్నా. మీరెవరు?… ఎవలూ?… ఓయమ్మ, నువ్వా అన్నా! నేనే, నేనే. రాంగ్ నంబర్ గాదు, పెట్టెయ్యకు.

గొంతు మారిందా? ఫోనెత్తంగనే కాలనీ గొంతు వస్తది నాకు. ఎవలో ఎరుకైనంక మన సిరిసిల్ల గొంతు వస్తది. నాలుగేండ్ల సంది గిదే కత.

ఏడికెల్లి చేస్తున్నవ్?… ఉధ్నా స్టేషన్ ముంగటి డబ్బా ఫోనా? ఎన్ని రూపాయి బిళ్లలున్నయ్ చేతుల?… నాలుగే! జల్ది చెప్పు మరి. వదిన మంచిగున్నదా?

…

అన్నా?… ఏమన్న మాట్లాడు. ఊకె ఉంటె బిళ్ల మింగుతది గది.

…

కోపమున్నోడివి ఫోనెందుకు చేసినవ్?… అడగనీకెనా? ఏం అడుగుతవ్?… మొన్న సోమవారం నీ సాంచ మీద, గా కరెంటు మగ్గం మీద, తెగిన పోగులు ఎవలు అతికిండ్రనా? నాకేమెరుక! ఉధ్నాల సాంచలెన్ని, ముడులేసేటోళ్లెందరు! మీ సేఠ్‌నే అడుగు… అడిగినవా? ఏమన్నడు?… జరీ అంచు చీర కట్టిన మేడమా? హహ! మేడమ్‌లకు ముడేసుడొస్తదా? నీ సేఠ్‌కు చత్వారమొచ్చింది, అద్దాలు పెట్టియ్యి.

…

బూడిదనా?… తెల్ల బట్ట మీద బూడిద ఏలిముద్రలున్నయా?

…

ఆ… ముడేసేముందు ఏళ్లకు బూడిద రాసుకొమ్మని మనకు జెప్పింది అమ్మనే గదా. వెంకటవ్వ బిడ్డలు తప్ప సూరత్‌ల గట్ల ఎవలు చేస్తరు? పోగు జారదు, చెమట అంటదు…

నేనే, అన్నా. ముడులు నేనే ఏసిన.

అరవకు! డబ్బా ఫోను పలుగుతది!… ఆ, నేనే అంటున్న గదా… బూడిద ఏడిదా? మీ షెడ్డు గోడ మీద మార్కండేయుని పటం ముంగట ఊదుబత్తి కాలి రాలింది. దేవునికి దండం పెట్టిన, తీసుకున్న. దేవుడేమనలే.

ఎందుకు చేసిననా? అంత గా సినిమా జేసింది… సినిమానే! జర ఇను.

శనివారం నాడు వెంకటలక్ష్మిగారింట్ల కూసున్నం అందరం. ఎవలంటే, మా ఎదురు ఫ్లాటామె. వాళ్లాయన సూర్యప్రకాశరావుగారు రైల్వేల పెద్దాఫీసరు. వాళ్ల కొడుకు ఫణి సీడీ తెచ్చిండు. ఇంగ్లీషు గుర్రాల సినిమా… ఆ, మనం చిన్నప్పుడు నేల టికెట్ల చూసేటోళ్లం గసుంటిదే. నువ్వు సీటీలు కొడుతుంటివి, నేను నీ అంగి పట్టుకొని కండ్లు మూసుకుంటుంటి.

కతనా? ఒకడు గుర్రమెక్కి ఒక చిన్న ఊరికి వస్తడు. గుర్రాల కాళ్లకు నాలాలు కొట్టుకుంట నోరు మూసుకొని బతుకుతుంటడు. అసలు వాడు తుపాకి తీసుట్ల అందరికన్న మొనగాడు! ఆ సంగతి ఎవలకు జెప్పడు. తుపాకిని పిండి మూటల దాస్తడు. పోరగాండ్లు కొట్టినా తలకాయ వంచుకొని పోతడు. ఒకనాడు బల్ల మీదికెల్లి గిలాస జారుతది. వాడు అటు చూడనన్న చూడడు, టక్కున పట్టుకుంటడు. గా ఇంటామె చూసి నోరు తెరుస్తది. ఇవి నాలాలు కొట్టే చేతులు గావని ఆమెకు ఎరుకైపోతది.

నేనేం చేసిన్నో ఎరికేనా? నా చేతులు కొంగు కింద పెట్టుకున్న. అందరు టీవీ చూస్తున్నరు, నేను నా ఏళ్లు చూసుకుంటున్న.

…

ఎందుకు దాసిన అంటే ఏం జెప్పాలె? ఈ కాలనీకి వచ్చిన మొదటి వారం మా కింది ఫ్లాటు ఉదయశ్రీ అడిగింది, మీ పుట్టింటివాళ్లేం చేస్తారండీ అని. అందరు చూస్తున్నరు. ‘బట్టల బిజినెస్సండీ’ అన్న. నోట్లెకెల్లి ఊడిపడ్డది. ఇగ దాన్ని ఎనుకకు తీసుకొనుడు నాతోని కాలే. ఆ బిజినెస్సు ఏటేటా పెరుగుతున్నది అన్నా! మొన్న ఉగాదికి నీకు రెండు షాపులైనయ్. ఒకటి రింగు రోడ్డు మీద.

నవ్వినవ్! నవ్వినవ్ గదా, నేనిన్న!… నవ్వలేదా. దగ్గు వచ్చిందా. సరే.

మీ బావకా? ఆయనకు అంత ఎరికే. బ్యాంకుల కూసొని గూడ ‘మా తాత మగ్గం గుంటల పెరిగిన’ అని అందరికి జెప్పుకుంటడు ఆయన. ‘నీ బిజినెస్సు నువ్వే చూసుకో, నన్నడగకు’ అంటడు నన్ను.

ఇంకో బిళ్ల ఏసినవా? ఆ.

ఇగ సోమవారం. ‘ఉధ్నాలో సాంచల దగ్గరే చీరలు కొంటే సగం ధరట, పదండి’ అన్నది ఉదయశ్రీ. ఒద్దనలేక ఆటో ఎక్కిన. ఉధ్నాల వెయ్యి ఉంటయ్ షెడ్లు, నీది ఎందుకైతది అనుకున్న. ఆటో దిగి చూస్తే నీదే!

నువ్వు చేతులు తుడుసుకుంట, నవ్వుకుంట ఎదురొస్తివి. నీ నోట్లెకెల్లి ‘పద్మా’ అని రాకముందే నేను… ఆ. ‘భయ్యా, సేఠ్‌జీ కహాఁ బైఠ్తే హైఁ?’ అన్న, సేఠ్ ఏడ కూసుంటడని ఎవలో పరాయోన్ని అడిగినట్టు. నా నోట్ల మన్ను వడ.

…

నువ్వేమన్నవో యాదికున్నదా? ‘ఉధర్, మేడమ్’ అన్నవ్. చెయ్యి గట్ల చూపిచ్చినవ్. మేడమ్! ఒక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండు. గప్పటి సంది అన్నం దిగుతలేదు నాకు.

సిగ్గయింది అన్నా. నిన్ను జూసి గాదు. నన్ను జూసుకొని.

…

నువ్వు సాంచ బంద్ చెయ్యకుంట చాయ్‌కు పోయినవ్. ఇరవై ఏండ్లల్ల ఎన్నడన్న నడిచే సాంచను ఇడిసిపెట్టి పోయినవా?… గదే మరి. నీకెంత తగిలిందో గప్పుడే ఎరుకైంది.

అట్ల పోయినవో లేదో, అటిటు ఉరికే నాడె పోగుల నడుమల ఇరికింది. అంత లొల్లిల గూడ పోగులు తెగిన సప్పుడు నాకు ఇనవడ్డది. సేఠ్ ఉరికొచ్చిండు. రెండు వందల పోగులు పాయె. ‘కహాఁ గయా రాజమల్లు? ఆజ్ సే ఛుట్టీ ఉస్‌కీ!’ అని ఒకటే అరుసుడు. నా వల్లనే గదా నీ పని పోతున్నది! కాలనీ ఆడోళ్లు పక్క గదిల చీరెల కుప్ప మీద పడ్డరు. నేను నడుముకు కొంగు దోపిన.

‘మేడమ్, హాత్ మత్ లగావో’ అన్నడు సేఠ్, ముట్టొద్దని. ‘ఏక్ ఘంటా దో’ అన్న. గంట ఎందుకంటే, ఆడోళ్లు చీరెలు ఏరుకునేసరికి గంట పడ్తది గదా! మొదటి పది ముడులకు ఏళ్లు తడబడ్డయ్. తర్వాత చూడాలె నన్ను! సేఠ్ కుర్సీ తెప్పిచ్చి ఎదురుంగ కూసున్నడు. చాయ్ గూడ తెప్పిచ్చిండు, తాగనీకె చెయ్యేడ ఖాళీ? ఆఖరు ముడి పండ్లతోని కొరికి తెంపిన, అమ్మ లెక్క. సాంచ నడిచింది. నువ్వు తిరిగొచ్చేసరికి ఆటోల ఉన్న.

నౌకరీ ఉన్నది గదా?… హమ్మయ్య. ఏమన్నడు?… నన్ను పనికి రమ్మన్నడా! రోజుకెంతిస్తడట?… సర్లే, సర్లే.

ఎవలు చూడలేదనే అనుకుంటున్న. తలల దూది, చీరకు గ్రీసు మరక. ‘మిషను దగ్గర నిలబడ్డానండీ’ అన్న. నమ్మిండ్రు.

అన్నా, ఇగ అసలు ముచ్చట. వచ్చే సోమవారం నూలు పున్నమి. నాలుగేండ్ల సంది ఒక్క ఊర్ల ఉండుకుంట నీకు రాఖీ పోస్టుల పంపుతున్న. ఆ పోస్టుమాన్ గూడ నవ్వుతుండొచ్చు. ఈసారి నువ్వు రావాలె… ఎందుకు రావు?

…

గది ఇంక మర్శిపోలేదా నువ్వు.

ఆ… తప్పు నాదే. నువ్వు మొదటిసారి వచ్చిననాడు గేటుకాడ వాచ్‌మన్ అడిగితే, నేను పైకెల్లి చూసి, ‘పరదాల మనిషి, పంపు’ అన్న. వాడు బుక్కుల గదే రాసిండు. నువ్వు సంతకం బెట్టినవ్. పైకొచ్చి మంచినీళ్లు గూడ తాగకుంట, కిటికీలు చూసి, ‘కొలతలు తీసుకున్న’ అని పోయినవ్. గంత మంచోడివి నువ్వు. నేను గంత—

ఆగు, బెల్ మోగింది. పెట్టెయ్యకు అన్నా, లైన్ల ఉండు.

రండి రండి, వెంకటలక్ష్మిగారూ! లోపలికి రండి… అయ్యో, గిన్నెకేం తొందరండీ… ఫోనా? అబ్బే, ఎవరూ లేదండీ. ఆ పరదాల ఆయన.

…

అన్నా?… హలో?… అన్నా, ఉన్నవా? హలో!

… ఉన్నవ్. ఊపిరి ఇనవడ్తున్నది. ఏడవకు అన్నా. నువ్వు ఏడిస్తే నేను ఆగను. ఒక్క నిమిషం. ఆఖరు బిళ్లనా? ఎయ్యి. ఎయ్యి, నీకు దండం పెడ్త. ఎయ్యి, ఏసి ఇను.

వెంకటలక్ష్మిగారూ. కూర్చోండి… లేదండీ, మీరు కూర్చోండి, నేను నిలబడే చెప్పాలి. ఫోన్లో పరదాల ఆయన కాదు. మా అన్న. సొంత అన్న. రాజమల్లు. ఉధ్నాలో సాంచ నడుపుతడు. రింగు రోడ్డు మీద షాపు లేదు, ఏడ లేదు. మొన్న షెడ్డుల మనకు చెయ్యి చూపిచ్చినాయన లేడా, ఆయనే. మేమంత సాంచలోళ్లం. నేను గూడ పదేండ్లు ముడులేసిన. చెప్పిన. అయిపోయింది.

…

ఏంటండీ?… తెలుసా?… ఎప్పట్నించి?

సోమవారం నుంచా!… మీరు చీరలు ఏరలేదా?… స్తంభం పక్కన నిలబడి గంటసేపు నన్నే చూశారా?… మరి ఆటోలో ఒక్క మాటైనా అనలేదేమండీ!… ‘నువ్వు చెప్పేదాకా అడక్కూడదు అనుకున్నా’నా… అన్నా, ఇన్నవా? ఈమెకు అంత ఎరికేనట! పైగా నీ ముక్కు, నా ముక్కు ఒకటేనట!

ఆ?… తిడుతున్నది అన్నా. నన్నే. నీ తరఫున. ఒక్క ఊళ్లో ఉన్న సొంత అన్నని ఇంటికి పిలవకుండా, పరదాల ఆయన అంటావా, ఇంగితం లేదూ అంటున్నది… ఇంక తిడుతున్నది… చానా తిడుతున్నది. నీకు ఇనవడనీకె ఫోను అటు పెట్టాల్నా?

నవ్వినవ్! దగ్గు గాదు గది. నవ్వే!

సినిమా ఆఖరా? తుపాకి తీసి, దొంగలందరిని కొట్టి, గా ఇంటామెను కాపాడి… ఊరిడిసి పోయిండు. ఎరుకైనంక ఉండొద్దట! నాకు మస్తు కోపమొచ్చింది. వానికైతే గుర్రమున్నది పోనీకె. నేనేడికి పోత? మూడో అంతస్తు, లిఫ్టు గూడ రెండు రోజుల సంది ఖరాబ్.

టక్‌టక్ అంటున్నదా? అయిపోతున్నదా? ఇను, ఇను. పొద్దుగాల మార్కండేయుని రథం కాడికి పోయి, అటే రా. వదినను, పిల్లలను తీస్కరా. అన్నం ఈడనే. వెంకటలక్ష్మిగారు పులిహోర చేస్తరట… ఏంటండీ?… పులిహోర, ఇంకా బొబ్బట్లట!

…

గేటుకాడ బుక్కులనా? ఏం రాయాల్నా?

రాయి. పేరు, రాజమల్లు. ఎవరింటికి, పద్మారాణి. ‘ఏం పని’ అని ఉంటది చూడు, గాడ ‘చెల్లె ఇల్లు’ అని రాయి. హిందీల ఒద్దు, గుజరాతీల ఒద్దు, తెలుగుల రాయి. పెద్దగ రాయి. వాచ్‌మన్‌కు సదువరాకపోతే నన్ను పిలువు. నేనే మెట్లు దిగి వచ్చి, గేటుకాడ నిలబడి, కాలనీ అంత ఇనేటట్టు సదివి జెప్త… అన్నా?… అన్నా?