మబ్బు గంట

సభ నడిపిస్తున్న బడి కమిటీ అధ్యక్షులు గారికి, నేనెక్కడ తప్పు మాట్లాడతానో అని నా పక్కనే కూర్చుని కనిపెడుతున్న ప్రధానోపాధ్యాయిని గారికి, ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, కిటికీల పక్కన ఇరుక్కుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ బళ్ళో గంట కొట్టాను. అంతా నిలబడి చేసే పని. ఇవాళ మీరందరూ కలిసి నాకొక కుర్చీ ఇచ్చారు. (నవ్వులు) చేతులున్నది, మెత్తటి దిండుతో సహా. ఇదే కుర్చీ ఇరవై ఏళ్ళ కిందట ఇచ్చి ఉంటే సగం గంటలు ఆలస్యంగా మోగేవి కాబట్టి, ఇప్పుడివ్వడమే మంచిదైంది. రెండో వరసలోంచి మా ఆవిడ త్వరగా కానివ్వమని సైగ చేస్తోంది. ఇంట్లో ఎటూ మాట నీదే కదా, ఇక్కడ మైకు నా చేతిలో ఉంది, కాసేపు ఓర్చుకో. (నవ్వులు)

ఇందాక లెక్కల మాస్టారు నన్ను పొగుడుతూ, ఇన్నేళ్ళలో ఒక్క గంట కూడా తప్పుగా కొట్టలేదన్నారు. మాస్టారూ, మీరు వచ్చి తొమ్మిదేళ్ళే అయింది. ఒకటి తప్పుగా కొట్టాను. దాని సంగతి చెప్పకుండా ఈ కుర్చీ ఇంటికి పట్టుకుపోవడం నాకు ఇష్టం లేదు.

ఒకప్పుడు ఈ బడికి మబ్బు గంట అని ఒకటుండేది. పడమటి వైపు నల్లగా కమ్మితే చాలు, వాన పడకముందే పిల్లలు ఇళ్ళకు చేరాలని ఆగకుండా ఇరవై దెబ్బలు కొట్టేవాణ్ణి. అందరికీ అది మంచి పనే అనిపించేది. పిల్లలకైతే పండగే. అరచేయంత మబ్బు కనబడితే చాలు, "మామయ్యా, అదిగో వచ్చేసింది, కొట్టు" అని నా చుట్టూ మూగేవాళ్ళు. నాలుగో తరగతిలో ఒకడు వంటింటి పొగ చూపించి కొట్టమన్నాడు. వాడిప్పుడు మన పోస్ట్‌మాస్టరు, అదిగో వెనక వరసలో తల దించుకున్నాడు. (నవ్వులు)

ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పెద్ద మాస్టారు, అంటే అప్పటి హెడ్‌మాస్టరు, నన్ను పిలిచి, "ఇంకో అరగంట చూడు, కమ్ముకొస్తే కొట్టు" అన్నారు. నేను అరగంట చూడలేదు. ఆ రోజుల్లో నేను ఇంటికి గోడ పెట్టుకుంటున్నాను. నాలుగు వందల పచ్చి ఇటుకలు పెరట్లో ఆరబోసి వచ్చాను. వాన పడితే అవన్నీ మళ్ళీ మట్టే. పిల్లలు పోతేగాని నేను పోలేను. అందుకని మబ్బు ఇంకా దూరంగా ఉండగానే రెండుంపావుకు గంట కొట్టేసి, గేటు తెరిచి, సైకిలెక్కాను.

ఈ మాట ఇవాళ్టిదాకా మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నూట నలభై మంది పిల్లలు ఐదు నిమిషాల్లో రోడ్డు మీదున్నారు. పెద్దవాళ్ళంతా పనుల్లో ఉన్నారు, పిల్లలు బళ్ళో ఉన్నారని వాళ్ళ ధీమా. ఇళ్ళకు చేరి ఉంటారని మా ధీమా. అందువల్ల గాలి లేచినప్పుడు, కోడిగుడ్డంత వడగళ్ళు పడ్డప్పుడు, పిల్లల కోసం ఎవరూ వెతకలేదు. వెతకాలని ఎవరికీ తెలియదు.

నాలుగింటికి మన ఊరి దర్జీ ఎప్పటిలాగే పిల్లల కోసం గొడుగు పట్టుకుని బడికి వచ్చాడు. అప్పటికి ఇటుకల మీద పట్టా కప్పుకుని నేను తిరిగొచ్చి ఉన్నాను. "మా పిల్లలేరీ?" అన్నాడు. "ఎప్పుడో వెళ్ళిపోయారు కదయ్యా" అన్నాను. "ఎక్కడికి?" అన్నాడు. అంతే. ఇద్దరం రోడ్డు వెంట పరిగెత్తాం.

మిగతావాళ్ళు ఎలాగో ఇళ్ళకు చేరారు గాని, దర్జీ పిల్లలిద్దర్నీ రోడ్డు కింది తూములో కనుక్కున్నాం. వడగళ్ళకు తల దాచుకోవడానికి పిల్లలకు కనిపించే చోటు అదే. తలమీద పడేది ఆగింది, కాళ్ళ కింద నీళ్ళు పెరిగాయి. తొమ్మిదేళ్ళ పిల్ల నడుంలోతు నీళ్ళలో తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, తూము మూతికి అడ్డంగా ఉన్న ఇనప చువ్వను రెండు గంటలు పట్టుకుని ఉంది. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి ఆ చేతిని నలిపేసింది. తమ్ముడికి జలుబు కూడా చేయలేదు. ఆమె ఎడమ చేతి రెండు వేళ్ళు ఇప్పటికీ వంగవు.

చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. ఏమనాలో తెలియక, "వాన ముంచుకొస్తుంటే ఎందుకు బయల్దేరారమ్మా, బళ్ళోనే ఉండొద్దా?" అన్నాను. చూడండి, అప్పటికీ తప్పు ఆ పిల్ల మీదికే నెడుతున్నాను. ఆమె కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది: "నువ్వు గంట కొట్టావుగా మామయ్యా. అందుకే వెళ్ళాం."

నా ఇటుకలు ఒక్కటి కూడా తడవలేదు.

మర్నాడు గేటు ముందు జనం చేరి పెద్ద మాస్టార్ని నానా మాటలన్నారు. ఆయన తల వంచుకుని, "గంట నేను కొట్టించాను" అన్నారు. నేను అరగంట ముందే కొట్టానని ఆయనకు తెలుసు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, "ఇక మీదట మబ్బు గంట కొట్టనండీ" అని చెప్పాను. "నిర్ణయించడానికి నువ్వెవరోయ్, కొట్టేవాడివి" అన్నారు. "కొట్టేవాణ్ణేనండీ. అందుకే కొట్టను" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తన చేత్తోనే నియమం రాసి గోడకు అంటించారు. మబ్బు కమ్మితే మబ్బు గంటే కాదు, బడి వదిలే నాలుగు గంటల గంట కూడా కొట్టకూడదు. గేటు మూయాలి. రేకుల గది ఖాళీ చేసి పిల్లల్ని స్లాబు గదుల్లో, కిటికీలకు దూరంగా కూర్చోబెట్టాలి. వాన వెలిశాక, పేరు పిలిచి, పెద్దవాళ్ళ చేతికే అప్పగించాలి. పిల్లలకు మబ్బంటే ఆట. ఆ వయసుకు అది తప్పు కాదు. మబ్బంటే ఏమిటో తెలిసి ఉండాల్సింది మనకు.

నియమం రాసినంత తేలిక కాదు నిలబెట్టడం. పన్నెండేళ్ళ కిందట ఉరుముల్లో ఒక పెద్దమనిషి కారేసుకొచ్చి, "మా వీధి పిల్లలు నలుగుర్నీ పంపు, నేను దింపుతా" అన్నారు. వాగు రోడ్డెక్కిందండీ అన్నాను. "నా కారు దాటుతుంది. నువ్వెంత, నీ గేటెంత!" అన్నారు. "మీరే లోపలికి రండి, మూడో తరగతిలో బల్ల ఖాళీగా ఉంది" అన్నాను. తిట్టుకుంటూనే వచ్చి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని గంటన్నర కూర్చున్నారు, పిల్లలు ఆయనకు రెండో ఎక్కం అప్పజెప్పారు. ఆ సాయంత్రం వాగు పాలబండిని లాక్కుపోయింది, మనిషి ఎలాగో ఈదుకొచ్చాడు. ఆ పెద్దమనిషి పేరు నేను చెప్పను. ఆయనే ఇవాళ ఈ సభకు అధ్యక్షులు. (పెద్దగా నవ్వులు, అధ్యక్షులు చేతులెత్తి దండం పెట్టారు)

అధ్యక్షులు గారూ, అంత నవ్విన మీదట ఒకటి అడుగుతాను. మీరు బడికి కరెంటు గంట ఇచ్చారు. పొద్దున విన్నాను, నాకంటే గట్టిగా మోగుతుంది, జీతం అడగదు. నా చోట్లో ఇంకెవర్నీ వేయడం లేదని కూడా తెలిసింది. అది మీ ఇష్టం. కానీ ఆ గంట రోజూ నాలుగింటికి దానంతటదే మోగుతుంది. దానికి ఆకాశం కనబడదు. దాన్ని ఆపే మీట ఆఫీసు గదిలో ఒక పెట్టెలో ఉంది, పెట్టెకు తాళం ఉంది, తాళంచెవి మాత్రం ఎలక్ట్రీషియన్ జేబులో ఉంది. అంటే మబ్బు గంట మళ్ళీ వచ్చినట్టే, ఈసారి కొట్టనని చెప్పే మనిషి కూడా లేడు.

ఇప్పుడు నాలుగుకు తొమ్మిది నిమిషాలుంది. ఒకసారి పడమటి కిటికీలోంచి చూడండి. నేను మైకు పట్టుకున్నప్పటి నుంచీ అటే చూస్తున్నాను. పిల్లలూ, మీరు కిటికీలు వదిలి మధ్యకు జరగండి. ఎగబడకండి, చోటుంది.

(ఆగి) అధ్యక్షులు గారు తలూపారు. ఎలక్ట్రీషియన్ తమ్ముడూ, ఆ తాళంచెవి ప్రధానోపాధ్యాయిని గారి చేతికివ్వు. మళ్ళీ తీసుకోకు. అమ్మా, మీరే వెళ్ళి ఆపండి, నేను రాను. ఇక మీదట ఇది మీ చేతి పని.

ఆమె వచ్చేదాకా ఒక మాట. నేను తొడుక్కున్న ఈ చొక్కా కుట్టింది ఆ దర్జీ కూతురే. రెండు వేళ్ళు వంగకపోయినా కాలరు ఎంత చక్కగా కూర్చుందో చూడండి. వాళ్ళ పాప మూడో తరగతి, తల్లీకూతుళ్ళిద్దరూ ఇక్కడే ఉన్నారు. అమ్మాయ్, ఇన్నేళ్ళూ ఇటుకల సంగతి నీకు చెప్పలేకపోయాను. ఇవాళ అందరి ముందూ చెప్పాను. క్షమించమని అడగను. నీ పాపను ఇంకెవరూ గంట కొట్టి వానలోకి పంపకుండా చూడ్డమే నాకు చేతనైంది.

(చాలాసేపు ఆగి) నాలుగు దాటి రెండు నిమిషాలైంది. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. ప్రధానోపాధ్యాయిని గారు హాజరు పుస్తకం తీసుకునే వస్తున్నారు, పేర్లు పిలుస్తారు. తల్లిదండ్రులు కూడా కదలొద్దు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం ఎలాగో అధ్యక్షులు గారు చూపిస్తారు. (నవ్వులు)

నన్ను ఇన్నాళ్ళు భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. ఆ కుర్చీ ఎవరైనా కాస్త తలుపు దగ్గర, గేటు కనబడేలా వేయండి. వాన వెలిసేదాకా అందులో కూర్చుంటాను.

సెలవు.