నలభై రెండో పేజీ మనిషి

మధ్యాహ్నం. బైండింగ్ షాపులో అన్న పుస్తకాలు కుడుతున్నాడు. అవి రాసిన తమ్ముడు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆ స్టూలు మీద కూర్చోకు. జిగురు ఆరలేదు."

"ఫర్వాలేదు అన్నయ్యా. ఎన్నయ్యాయి?"

"రెండొందలు. ఆదివారం నీ సభకి ఐదొందలూ అందుతాయిలే. లోపల ఏముందో తెలిసీ కుడుతున్నాను చూడు, అదీ నా ఓపిక."

"చదివావా?"

"కాగితాలు వరస తప్పకుండా పేర్చాలంటే కంటపడకుండా ఉంటాయా? నలభై రెండో పేజీ దగ్గర ఆగిపోయాను. 'మా అన్నయ్య ఈ వీధి దాటలేదు. దాటాలనీ అనుకోలేదు. నేను చూసిన ఒకే ఒక్క స్వేచ్ఛాజీవి ఆయన.' ఎవరయ్యా ఈయన? నాకూ ఓసారి పరిచయం చెయ్యి."

"వెటకారం ఎందుకు? మనస్ఫూర్తిగా రాశాను."

"రాసే ఉంటావు. పాతికేళ్ళుగా ఊరూరా తిరిగి, హోటల్ గదుల్లో పడుకుని, సంతోషం అంటే ఏమిటో జనానికి చెప్తున్నవాడివి. నీకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేనంటే ఇక్కడే పడి ఉన్నాను, నాకేం తెలుస్తుంది?"

"అది కాదు... ఆదివారం నువ్వు వేదిక మీదికి రావాలి. అడగడానికే వచ్చాను."

"వచ్చి?"

"ఏం మాట్లాడక్కర్లేదు. నా పక్కన కూర్చుంటే చాలు."

"అంటే బొమ్మలా. 'ఇదిగో సుఖంగా ఉన్న మనిషి, కావాలంటే ముట్టుకుని చూడండి' అంటావు. చొక్కా నువ్వే కొనిస్తావా, ఈ జిగురు మరకలతోనే రమ్మంటావా? మరకలుంటేనే నమ్ముతారేమో."

"అన్నయ్యా."

"చెప్పు, వింటున్నాను."

"నాన్నని తొమ్మిదేళ్ళు మంచం మీద చూశావు. ఒక్కరోజు విసుక్కోలేదు. అది ప్రేమ కాదా? అదే కదా నేను రాసింది."

"విసుక్కోలేదని నీకెవరు చెప్పారు?"

"నాన్న ఉత్తరాల్లో అదే ఉండేది."

"ఆయన కుడిచెయ్యి నువ్వుండగానే పడిపోయింది కదరా. ఆ ఉత్తరాలు ఎవరు రాశారనుకున్నావు?"

"ఆయన చెప్తే నువ్వు రాసేవాడివి."

"చెప్పినవన్నీ రాశానా? పక్కబట్టలు మారుస్తూ ఓసారి ఆయన మీద చెయ్యి చేసుకున్నాను. రాయమన్నారు. రాయలేదు. నీ రెండో పుస్తకంలో వేసుకో."

"...పెళ్ళి వద్దనుకున్నావని కూడా నువ్వే రాశావా?"

"అది నాన్నే చెప్పి రాయించారు. నువ్వేమో దాన్ని 'బంధాలు కోరుకోలేదు' అన్నావు. నీ భాష నున్నగా ఉంటుందిరా. చేతికి ఏమీ అంటదు."

"మరి ఎందుకు చేసుకోలేదు?"

"ఆ దారం ఇటివ్వు."

"అడుగుతున్నాను కదా."

"అచ్చయ్యాక అడుగుతున్నావు. సరే. నాన్నకి ఇంజక్షన్లు చెయ్యడానికి ఒక నర్సు వచ్చేది, గుర్తుందా?"

"పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ గొడుగుతో వచ్చేది. ఆవిడా?"

"ఆవిడే. వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అక్కడే ఒక ప్రెస్సులో నాకూ పని చూసింది."

"మరి వెళ్ళాల్సింది."

"నాన్నని ఎవరు చూస్తారు?"

"అప్పటికి ఇంట్లో నేనున్నాను కదా."

"నేనూ అదే అనుకున్నాను. తమ్ముడున్నాడు, చూసుకుంటాడు, వాడితో చెప్పేసి వెళ్దామని."

"మరి చెప్పలేదేం?"

"నాలుగు రోజులు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సిగ్గేసింది. ఆఖరికి పొద్దున్నే చెప్దాంలే అని పడుకున్నాను. లేచేసరికి నీ మంచం మీద నువ్వు లేవు, ఉత్తరం ఉంది."

"...నేను వెళ్ళిపోయిన రోజా?"

"నువ్వు పొద్దున బండికి వెళ్ళావు. మా రెండు టికెట్లూ సాయంత్రం బండికి."