మలుపులో నెమ్మదించిన కారు

తల్లి కుట్టుమిషన్ ఆపి కొడుకు చేతిలోని ఫోన్ లాక్కుంది. అతను అప్పుడే పెట్టిన వీడియో అందులో ఇంకా మోగుతోంది.

“తీసెయ్ దీన్ని. నిఘా విభాగంవాళ్ళే మంత్రిని చంపించారని లోకమంతా చాటుతావా? కొరివితో తల గోక్కోకురా.”

“నాన్న కోసమేనమ్మా. మంత్రి కారు నడుపుతూ మంత్రితోపాటే తూటాలకు పోయాడు. అయినా డబ్బు తిని కారు నెమ్మది చేశాడనే అంటున్నారు. నిఘావాళ్ళు బెదిరించి చేయించారని తేలితే ఆ మచ్చ పోతుంది.”

“మీ నాన్నని ఎవరూ బెదిరించలేదు.”

“మరి ఆ మలుపులోనే నెమ్మదిస్తాడని చంపినవాళ్ళకెలా తెలుసు?”

“రోజూ నెమ్మదించేవాడు కాబట్టి.”

“రోజూనా? ఎందుకు?”

“పెద్ద డిటెక్టివ్‌వి కదా, నువ్వే చెప్పు. బడి వదిలాక ఆ మలుపులో నిలబడి ఎవడు చెయ్యూపేవాడు?”

కొడుకు తల్లి చేతిలో ఇంకా మోగుతున్న వీడియో ఆపాడు.

“ఆ రోజు కూడానా అమ్మా?”

“ఊపావు. పసివాడివి, నాన్న కనబడితే ఊపవా? ఆయన్ని ద్రోహి అంటుంటే ఇన్నేళ్ళూ నీకోసమే నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు నువ్వే ఊళ్ళోవాళ్ళని అడుగుతున్నావు, కారు నెమ్మది చేయించిందెవరని. ఎవడో ఒకడు జవాబు చెప్పకముందే తీసెయ్.”